ఒక కన్ను మూసి చూడండి: మాక్యులా జబ్బుపై అపోహలు, వాస్తవాలు

సంక్రాంతి వెళ్లిన వారానికి మా రెటీనా ఓపీకి ఒక పెద్దావిడ వచ్చారు. "నెలగంట పెట్టినప్పటి నుంచీ ముగ్గు చుక్కల వరస వంకరగా కనిపిస్తోంది బాబూ. కోడలేమో సరిగ్గానే పెట్టారు అత్తయ్యా అంటోంది" అన్నారు. ఎడమ కన్ను అరచేత్తో మూయించి నా వైపు చూడమన్నాను. "చెవులు కనిపిస్తున్నాయి, ముఖం లేదు" అన్నారు.

కుడి కంట్లో తడి రకం మాక్యులర్ డీజెనరేషన్, అంటే మాక్యులా చెడిపోయే జబ్బు. ముగ్గు వంకరపోయిన మొదటి వారమే వచ్చుంటే ఇంకా చాలా చూపు నిలిచేది. ఆ ఐదు వారాలూ ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగు ఆవిడకు ధైర్యం చెప్పిన మాటలే రోజూ నా ఓపీలోనూ వింటుంటాను. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు రెండు ముక్కలు. కంటి లోపల వెనకవైపు పరుచుకున్న పలుచటి పొర రెటీనా. దాని నడిమధ్యలో దాదాపు బియ్యపు గింజంత చోటు మాక్యులా. బియ్యంలో రాళ్లు ఏరడం, సూదిలో దారం ఎక్కించడం, ఎదురొచ్చే మనిషిని పోల్చుకోవడం దాని పనే. వయసు మీదపడ్డాక కొందరిలో అక్కడ పసుపు రంగు మేటలు పేరుకుని ఏళ్ల తరబడి మెల్లగా చూపు తగ్గుతుంది. ఇది పొడి రకం, పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఇదే. తడి రకంలో రెటీనా కింద బలహీనమైన కొత్త రక్తనాళాలు పుట్టి కారతాయి. అప్పుడు రోజుల్లో, వారాల్లో చూపు పోతుంది.

"రెండు కళ్లతో చూస్తే బాగానే ఉంది కదా!"

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే మాట ఇది. ఒక కన్ను దెబ్బతింటే రెండోది దాని లోటు తెలియనివ్వదు. కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటేనే తెలుస్తుంది.

దీనికి మేం వాడేది ఆమ్‌స్లర్ గ్రిడ్, పది సెంటీమీటర్ల గళ్ల కాగితం. అది లేకపోయినా మీ గోడకు తెలుగు క్యాలెండర్ ఉంటుంది. చదివే అద్దాలు పెట్టుకుని, చదివేంత దూరంలో క్యాలెండర్ పట్టుకుని, ఒక కన్ను మూసి, నెల మధ్యలో ఉన్న ఒక తేదీనే చూడండి. చుట్టూ గీతలు వంగాయా? ఏ గడైనా మాయమైందా? మసక మచ్చ ఉందా? తర్వాత రెండో కన్ను. యాభై దాటినవాళ్లు వారానికోసారి చూసుకుంటే చాలు. కొత్తగా ఏ తేడా కనిపించినా ఆ వారంలోనే రెటీనా డాక్టర్ దగ్గరకు వెళ్లండి.

"పొర వచ్చింది. ముదిరాక ఆపరేషన్ చేయిస్తే పోతుంది."

పొర అని మీరనే శుక్లం కంటి ముందు భాగంలోని లెన్సుకు వస్తుంది, చూపంతా మంచు పట్టినట్టు మసకబారుతుంది. మాక్యులా జబ్బు వెనక రెటీనాది, మధ్యలోనే చెడుతుంది, గీతలు వంగుతాయి. ఒకే కంటికి రెండూ ఉండొచ్చు. అప్పుడు శుక్లం తీసినా మధ్యలో మచ్చ అలాగే ఉంటుంది, ఆపరేషన్ పాడైందని పాపం ఇంటిల్లిపాదీ కుమిలిపోతారు. శుక్లం ఆపరేషన్‌కు ముందే "రెటీనా ఎలా ఉంది?" అని మీ డాక్టర్‌ని అడగండి.

"కంటి వెలుగు క్యాంపులో చూపించాం, అద్దాలిచ్చారు."

2018లో తెలంగాణలో, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ శిబిరాలు మంచి పని చేశాయి. కానీ అద్దాల పరీక్ష వేరు, రెటీనా పరీక్ష వేరు. దీనికి చుక్కలు వేసి కంటిపాపను పెద్దది చేసి లోపల చూడాలి. అవసరమైతే ఓసీటీ, అంటే రెటీనా పొరల్ని కాంతితో చూపించే స్కాన్ తీస్తాం. చుక్కల తర్వాత కొన్ని గంటలు మసగ్గా ఉంటుంది, బండి నడపొద్దు.

"కంట్లో సూదా? ఉన్న చూపూ పోతుంది!"

తడి రకానికి మందు కంట్లోకి సూదితోనే ఇస్తాం. ఈ భయంతో వెనక్కి వెళ్లిపోయినవాళ్లు గుర్తొస్తే ఇప్పటికీ నిద్రపట్టదు. నిజంగా ఏం చేస్తామో చెబుతాను. తిమ్మిరి చుక్కలు వేసి, కన్ను శుభ్రం చేసి, రెప్ప మూతపడకుండా చిన్న క్లిప్పు పెడతాం. నల్లగుడ్డు అంచు నుంచి నాలుగు మిల్లీమీటర్ల దూరంలో, తెల్లగుడ్డు గుండా చాలా సన్నని సూదితో 0.05 మిల్లీలీటరు మందు ఇస్తాం. కొన్ని సెకన్ల పని. కాస్త ఒత్తినట్టు ఉంటుంది. అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు.

ఇన్‌ఫెక్షన్ చాలా అరుదు, కానీ లేకపోలేదు. తర్వాతి రోజుల్లో నొప్పి, ఎరుపు పెరిగి చూపు తగ్గితే అర్ధరాత్రైనా ఆసుపత్రికి రావాలి.

ఈ సూదిలో ఇచ్చే మందుల్లో ఒకటైన రానిబిజుమాబ్‌కు అమెరికాలో 2006లో అనుమతి వచ్చింది. అంతకుముందు ఈ రోగుల్లో ఎక్కువమందికి పోయిన చూపు తెచ్చిచ్చే మందే లేదు. 2015 నుంచి మన దేశంలో తయారైన రకం దొరుకుతోంది. ఇదే పనికి వాడే బెవాసిజుమాబ్ అనే మందు ఇంకా చవక. ఖర్చు గురించి మొహమాటపడకుండా అడగండి. మామూలుగా నెలకొకటి చొప్పున మూడు సూదులు, ఆపైన స్కాన్‌ను బట్టి. "మూడు వేయించాం, చూపు పెరగలేదు" అని మానేయకండి. ఉన్న చూపు నిలవడం కూడా మందు పనిచేస్తున్నట్టే.

"చుట్టకీ కంటికీ ఏం సంబంధం?"

1996 నుంచి 2000 వరకు హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్‌లలో పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించిన పెద్ద అధ్యయనం జరిగింది. చుట్ట ఎక్కువగా కాల్చేవాళ్లలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించింది. శ్రీకాకుళం వైపు అడ్డపొగ (నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట) కాల్చే అమ్మలకు నోటి క్యాన్సర్ గురించి చెబుతున్నాం, మంచిదే. కంటి సంగతి కూడా చెప్పాలి. వయసును ఆపలేం, చుట్టను ఆపగలం.

"క్యారెట్ తింటే, మాత్రలు వేసుకుంటే రాదు."

క్యారెట్ మంచిదే, కానీ ఈ జబ్బును ఆపదు. తోటకూర, పాలకూర, మునగాకు, గుడ్డు పచ్చసొన, చేపలు తినండి. లూటీన్, జింక్ కలిసిన మాత్రలు జబ్బు మధ్య దశకు చేరినవాళ్లలో ముదిరే ముప్పును కొంత తగ్గిస్తాయి. జబ్బు లేనివాళ్లకు రాకుండా ఆపవు. ఫోన్, టీవీ చూడటం వల్ల ఇది రాదు. ఆముదం, తేనె, పసర్లు కంట్లో వేయకండి.

"ఎవరో కనిపిస్తున్నారంటున్నాడు, మతి చెడింది."

చూపు బాగా తగ్గినవాళ్లలో కొందరికి లేని మనుషులు, పువ్వులు, గళ్ల డిజైన్లు కనిపిస్తాయి. కంటి నుంచి సమాచారం తగ్గినప్పుడు మెదడే బొమ్మలు అల్లుతుంది. 1760లో తన తాతగారిలో దీన్ని గమనించి రాసిన శాస్త్రవేత్త పేరుమీద ఛార్లెస్ బోనే సిండ్రోమ్ అంటారు. ఇది దయ్యం కాదు, పిచ్చి కాదు. చాలామంది భయపడి ఎవరికీ చెప్పరు. అందుకే నేనే ముందు అడుగుతాను.

అలా అడిగినప్పుడు ఒక తాతగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "పెరట్లో పిల్లలు ఆడుతుంటారు సార్, పిలిస్తే పలకరు" అన్నారు. ఇది కంటి జబ్బేనని చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "బయట మావాడున్నాడు, వాడిని పిలిచి ఈ మాట వాడితో కూడా చెప్పండి" అన్నారు.