మూలకణం చక్కెరను ఎందుకు పులియబెడుతుంది?

ఇతర రకాల కణాలుగా మారగల మానవ మూలకణాలను (స్టెమ్ సెల్స్) పెంచే ప్రయోగశాలలో ఉదయం ఇంక్యుబేటర్ తలుపు తీసినవారి కళ్లు ముందుగా వెళ్లేది కణాల మీదికి కాదు, అవి మునిగి ఉన్న పోషక ద్రావణం రంగు మీదికి. ఫినాల్ రెడ్ అనే సూచిక కలిపిన ఆ ద్రావణం తాజాగా ఉన్నప్పుడు ఎర్రగా ఉంటుంది. కణాలు ఒత్తుగా పెరిగాయంటే మర్నాటికే పసుపు రంగుకు తిరుగుతుంది. ఆ మార్పుకు ప్రధాన కారణం లాక్టిక్ ఆమ్లం, అంటే పాలు తోడుకున్నప్పుడు పెరుగుకు పులుపునిచ్చే ఆమ్లమే. ఇంక్యుబేటర్‌లో ఆక్సిజన్‌కు కొదవ లేదు. అయినా ఈ కణాలు గ్లూకోజ్‌లో అధిక భాగాన్ని చివరిదాకా దహించకుండా, మధ్యలోనే ఆపి, ఆమ్లంగా మార్చి బయటికి వదిలేస్తాయి. ఎందుకు అలా చేస్తాయన్న ప్రశ్నకు మూలకణాల పరిశోధన కంటే చాలా ఎక్కువ వయసుంది.

ఆక్సిజన్ అందితే ఈస్ట్ కణాలు పులియబెట్టడం తగ్గించుకుంటాయని లూయీ పాశ్చర్ 1860ల ప్రాంతంలోనే గమనించాడు. ఆ తరువాత గుస్తావ్ ఎంబ్డెన్, ఓటో మేయర్‌హాఫ్, యాకుబ్ పార్నాస్ వంటివారి కృషితో 1940 నాటికి గ్లూకోజ్ మెట్టు మెట్టుగా విడిపోయే గ్లైకాలసిస్ దారి పూర్తిగా తెలిసింది. గ్లైకాలసిస్ ఫలితంగా వచ్చే పైరువేట్ అనే పదార్థం, కణంలో ఆక్సిజన్‌తో దహనం జరిపే భాగాలైన మైటోకాండ్రియాలోకి వెళ్లాక జరిగే రసాయన చర్యల చక్రాన్ని హాన్స్ క్రెబ్స్ 1937లో వివరించాడు. ఈ కథలో తెలుగువారు గర్వించదగిన అధ్యాయం ఒకటి ఉంది. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, హార్వర్డ్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు అక్కడ సైరస్ ఫిస్కెతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను రంగు ఆధారంగా కొలిచే పద్ధతిని ప్రకటించాడు. ఆ కొలతే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోనూ, ఏటీపీని 1929లోనూ కనుగొనడానికి వారికి దారి చూపింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా గుర్తించాడు. కణం ఖర్చు పెట్టే శక్తికి నాణెం లాంటిది ఏటీపీ అని తరువాత తేలింది. ఒక గ్లూకోజ్ అణువును లాక్టిక్ ఆమ్లం దగ్గర ఆపేస్తే కణానికి మిగిలేవి 2 ఏటీపీలు, మైటోకాండ్రియాలో పూర్తిగా దహిస్తే దాదాపు 30. మూలకణం చేసే పని వింతగా కనిపించేది ఈ లెక్క వల్లనే.

ఈ వింతను మొదట చూసింది మూలకణాల్లో కాదు, కంతుల్లో. బెర్లిన్‌లో ఓటో వార్‌బర్గ్ 1920లలో కంతుల పలుచని ముక్కలను తీసుకొని, అవి పీల్చే ఆక్సిజన్‌నూ వదిలే ఆమ్లాన్నీ కొలిచి, ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా క్యాన్సర్ కణజాలం లాక్టిక్ ఆమ్లాన్ని పెద్ద మొత్తంలో తయారు చేస్తుందని చూపాడు. పరిశీలన నిలిచింది గాని, దానికి ఆయన చెప్పిన కారణం నిలవలేదు. ఆ కణాల శ్వాస యంత్రాంగం చెడిపోవడమే క్యాన్సర్‌కు మూలమని వార్‌బర్గ్ జీవితాంతం వాదించాడు. చాలా క్యాన్సర్ కణాల్లో మైటోకాండ్రియా చక్కగానే పనిచేస్తున్నట్టు తరువాతి తరాలు గుర్తించాయి. చెడిపోవడం వల్ల కాకపోతే మరి ఎందువల్ల అన్న ప్రశ్న అలాగే మిగిలి, మూలకణాలు వచ్చేదాకా ఎదురు చూసింది.

మానవ పిండ మూలకణాలను జేమ్స్ థామ్సన్ బృందం విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 1998లో తొలిసారిగా వేరు చేసి పెంచింది. వాటి జీవక్రియను కొలవడం మాత్రం వెంటనే సాధ్యపడలేదు. అమెరికాలో 2001 ఆగస్టు 9 నాటికే ఉన్న కణ వంశాలపై పనికి మాత్రమే సమాఖ్య నిధులు ఇస్తామన్న నిర్ణయం 2009 దాకా అమలులో ఉండటం ఒక అడ్డంకి. నా దృష్టిలో అంతకంటే మౌలికమైన ఇబ్బంది ప్రయోగ పళ్లెంలోనే ఉంది. తొలినాళ్లలో మానవ మూలకణాలను ఎలుక కణాల పొర మీద పెంచేవారు. అటువంటి పళ్లెంలో పుట్టిన లాక్టిక్ ఆమ్లంలో మానవ కణాల వాటా ఎంతో, కింద ఉన్న ఎలుక కణాల వాటా ఎంతో చెప్పడం కష్టం. ఆ పొర అవసరం లేకుండా, కూర్పు స్పష్టంగా తెలిసిన ద్రావణాలను విస్కాన్సిన్ బృందమే 2006లో రూపొందించింది. ఆ తరువాతనే కొలతలను నమ్మే పరిస్థితి వచ్చింది.

ఈలోగా ఆక్సిజన్ వైపు నుంచి ఒక సూచన అందింది. గర్భాశయంలో కుదురుకోక ముందు పిండం పెరిగే చోట ఆక్సిజన్ బయటి గాలిలో కంటే చాలా తక్కువ. షిన్యా యమనాకా చర్మ కణాలను వెనక్కి నడిపి ఐపీఎస్ (ఇండ్యూస్డ్ ప్లూరిపోటెంట్ స్టెమ్) కణాలనే మూలకణాలుగా మార్చే పద్ధతిని 2006లో ఎలుకల్లో, 2007లో మనుషుల్లో చూపాడు. ఆయన బృందమే ఆ మార్పును 5 శాతం ఆక్సిజన్‌లో జరిపితే ఎక్కువ కణాలు మూలకణాలుగా మారుతున్నాయని 2009లో నివేదించింది. మేయో క్లినిక్ పరిశోధకులు 2011లో మరో అడుగు వేశారు: చర్మ కణం మూలకణంగా మారే క్రమంలో గ్లైకాలసిస్ జన్యువులు ముందుగా పుంజుకుంటాయని, మూలకణ స్వభావాన్ని తెలిపే గుర్తులు ఆ తరువాతే కనిపిస్తాయని, గ్లైకాలసిస్‌ను అణచితే ఆ మార్పే మందగిస్తుందని వారు చూపారు. చక్కెరను వాడే తీరు మూలకణ స్థితికి ఫలితం మాత్రమే కాదని, దానికి ఒక షరతు కూడానని అప్పుడు అర్థమైంది. అదే ఏడాది లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరిశోధన, మానవ మూలకణాల మైటోకాండ్రియా ఆక్సిజన్‌ను వాడుకోగల స్థితిలోనే ఉన్నాయని, యూసీపీ2 అనే ప్రోటీన్ గ్లూకోజ్ నుంచి వచ్చే కార్బన్‌ను వాటి వైపు వెళ్లకుండా మళ్లిస్తోందని తెలిపింది. వార్‌బర్గ్ ఊహించిన లోపం ఇక్కడా లేదు.

మరి ఈ మళ్లింపుతో కణానికి ఏం దక్కుతుంది? ఒక సమాధానం నిర్మాణ సామగ్రి. వేగంగా విభజన చెందే కణానికి శక్తితో పాటు కొత్త డీఎన్ఏకు కావలసిన రైబోజ్ చక్కెర, పొరలకు కావలసిన కొవ్వులు, ప్రోటీన్లకు కావలసిన ఎమైనో ఆమ్లాలు కూడా కావాలి. వీటిలో చాలావాటికి దారులు గ్లైకాలసిస్ మెట్ల నుంచే చీలుతాయి. రెండో సమాధానం నాకు మరింత లోతైనదిగా అనిపిస్తుంది. డీఎన్ఏ చుట్టుకొని ఉండే హిస్టోన్ ప్రోటీన్లకు ఎసిటైల్ గుంపులనే చిన్న రసాయన ముక్కలు అతికితే ఆ ప్రాంతపు జన్యువులు సడలి, చదవడానికి వీలుగా ఉంటాయి. ఆ గుంపులను అందించే ఎసిటైల్ కో-ఎ గ్లూకోజ్ నుంచి తయారవుతుంది. జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో, మూలకణాలు ప్రత్యేక కణాలుగా మారడం మొదలుపెట్టిన తొలి దశలోనే ఈ సరఫరా పడిపోతుందని, ఎసిటైల్ కో-ఎగా మారగల ఎసిటేట్‌ను బయటి నుంచి అందిస్తే ఆ మార్పు ఆలస్యమవుతుందని చూపారు. అంటే కణం తినే చక్కెర దాని జన్యువుల దాకా చేరి, ఏ పుటలు తెరిచి ఉండాలో నిర్ణయించడంలో పాలుపంచుకుంటోంది.

ఇక్కడ ఎలుకను చూసి మనిషిని అంచనా వేయరాదు. ఎలుక పిండ మూలకణాలు మైటోకాండ్రియాను కూడా బాగానే వాడుకుంటాయి. ఇప్పటి వాడుకలోని మానవ మూలకణాలు అభివృద్ధిలో కొంచెం తరువాతి దశకు చెందినవి, గ్లైకాలసిస్ మీద మరింతగా ఆధారపడతాయి. ఎలుక మూలకణాలు థ్రియోనిన్ అనే ఎమైనో ఆమ్లం లేకపోతే పెరగలేవని 2009లో తేలింది. దాన్ని విడగొట్టే ఎంజైమ్‌కు చెందిన జన్యువు మనుషుల్లో పనిచేయని స్థితిలో ఉంది.

పళ్లెంలోని చక్కెర మోతాదునూ మరచిపోకూడదు. ఈ కణాలకు విరివిగా వాడే ద్రావణాలకు ఆధారమైన మిశ్రమంలో గ్లూకోజ్ లీటరుకు 17.5 మిల్లీమోల్స్, అంటే మనకు పరిచయమైన కొలతలో డెసిలీటరుకు 315 మిల్లీగ్రాములు. ఆరోగ్యవంతుల పరగడుపు రక్తంలో అది 100 కంటే తక్కువ. అంత చక్కెరలో, గాలిలో ఉన్నంత ఆక్సిజన్‌లో పెరిగిన కణం చేసిన పనే గర్భంలోని కణమూ చేస్తుందని తీర్మానించే ముందు ఎవరైనా ఒక క్షణం ఆగాలి.

ఈ జ్ఞానం చికిత్సల తయారీలోకి ఇప్పటికే వచ్చింది. మూలకణాల నుంచి పెంచిన గుండె కణాల మధ్య మారకుండా మిగిలిపోయిన మూలకణాలు రోగి శరీరంలో కంతిగా పెరిగే ప్రమాదం ఉంది. టోక్యోలోని కియో విశ్వవిద్యాలయ బృందం 2013లో ద్రావణం నుంచి గ్లూకోజ్ తీసేసి, లాక్టిక్ ఆమ్లానికే మరో రూపమైన లాక్టేట్ కలిపింది. గుండె కణాలు దానితో బతికాయి, మూలకణాలు చనిపోయాయి, గుండె కణాల శుద్ధత 99 శాతం దాకా చేరింది. తాము బయటికి వదిలేసే పదార్థంతోనే మూలకణాలు బతకలేకపోయాయన్నమాట.

ఇన్సులిన్ తయారు చేసే బీటా కణాల విషయంలో దారి ఇంత సూటిగా లేదు. చక్కెర పెరిగినప్పుడు దాన్ని మైటోకాండ్రియా దాకా దహించి, ఆ దహనం ఆధారంగా ఇన్సులిన్ వదలడమే బీటా కణం పని. హార్వర్డ్‌లో డగ్లస్ మెల్టన్ బృందం 2014లో మానవ మూలకణాల నుంచి అటువంటి కణాలను పెద్ద సంఖ్యలో తయారు చేసింది. ఎలుకల్లోకి ఎక్కించాక అవి మానవ క్లోమ కణాలతో పోల్చదగినట్టు పనిచేశాయి. పళ్లెంలో మాత్రం చక్కెరకు వాటి స్పందన అంత బలంగా లేదు. అదే బృందం 2020లో కారణాన్ని వెతికి, గ్లైకాలసిస్ దారి మధ్యలో రెండు ఎంజైముల దగ్గర ప్రవాహం ఇరుకున పడుతోందని చెప్పింది. ఆ ఇరుకును దాటిన తరువాతి మెట్టు పదార్థాలను నేరుగా అందించినప్పుడు, పరిణతి చెందిన మానవ క్లోమ కణాలు వదిలినంత ఇన్సులిన్‌ను అవీ వదిలాయి. ఆ రెండు మెట్ల దగ్గర ప్రవాహాన్ని పళ్లెంలోనే, అలా పదార్థాలను బయటి నుంచి అందించే అవసరం లేకుండా, ఎలా విడిపించాలన్నది ఇప్పుడు ముందున్న పని.