పాముల మేతకు పెంచే ఎలుకల జబ్బులు: అపోహలు - వాస్తవాలు

"ఎలాగూ పాము తినేదేగా" అన్న అలసత్వంతోనే ఎలుకల టబ్బుల్లో సగం జబ్బులు మొదలవుతాయి. పాముకు వేసేదైనా సరే, బతికినన్నాళ్లూ దానికి ఊపిరి సరిగ్గా ఆడాలి.

అపోహ: కళ్ల చుట్టూ ఎర్రగా ఉంటే రక్తం కారుతున్నట్టే.

అది రక్తం కాదు, కంటి వెనకున్న హార్డేరియన్ గ్రంథి నుంచి వచ్చే పోర్ఫిరిన్ అనే ఎర్రటి పదార్థం. యూవీ టార్చి వేస్తే ఎర్రగా మెరుస్తుంది, రక్తం అలా మెరవదు. తుడిచి వదిలేయొద్దు. నొప్పి, బెదురు, ఊపిరితిత్తుల జబ్బు... వీటిలో ఏదో ఒకటి ఉన్నట్టు.

అపోహ: తుమ్ములకు యాంటీబయాటిక్ వేస్తే నయమైపోతుంది.

తుమ్ములు, ఛాతీలో గురగుర, తల ఒక పక్కకు వాలడం వెనక చాలాసార్లు మైకోప్లాస్మా పల్మోనిస్ అనే బాక్టీరియా ఉంటుంది. తల్లి నుంచి పిల్లలకు అంటుకుని మంద మొత్తంలో నక్కి ఉంటుంది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ లక్షణాలను తగ్గిస్తుందే గానీ క్రిమిని పూర్తిగా పోగొట్టదు. దాన్ని రెచ్చగొట్టేది అమోనియా. టబ్బులో పరిచిన పొట్టు తడిస్తే, అందులోని బాక్టీరియా మూత్రంలోని యూరియాను విడగొడితే ఈ వాయువు పుడుతుంది. 25 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 25 పాళ్లు) దగ్గరే జబ్బు ముదురుతుంది. గుమ్మంలో నిలబడితే ఇది తెలియదు. మూత తీసి, ఎలుక ముక్కు ఉండే ఎత్తుకు వంగి వాసన చూడాలి. ఘాటు తగిలిందంటే శుభ్రం చేయడం అప్పటికే ఆలస్యమైనట్టు. నీళ్ల సీసా కారే మూల ముందు తడుస్తుంది, అక్కడి పొట్టు రోజూ తీసేయాలి. మొత్తం పొట్టు వారానికి రెండుసార్లు మార్చాలి, ముసురు రోజుల్లో ఇంకా ముందే. మూత జాలీది అయితేనే గాలి ఆడుతుంది. ఇన్ని చేసినా వాసన వస్తుంటే టబ్బులో ఎలుకలు ఎక్కువైనట్టే, తగ్గించండి.

అపోహ: మేతకు చంపిన ఎలుకల్ని ఫ్రీజర్లో పెడితే క్రిములన్నీ చస్తాయి.

సాల్మొనెల్లా అనే బాక్టీరియా చావదు. అమెరికాలో 2010లో, మళ్లీ 2014లో, ఫ్రోజెన్ ఎలుకల నుంచే మనుషులకు సోకింది. జిప్ కవర్లో పెట్టి, ఆహారం లేని ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచి కరిగించాలి. తర్వాత కవరుతోనే 40 డిగ్రీల నీళ్లలో వెచ్చబెట్టాలి. వంటింటి మైక్రోవేవ్, గిన్నెలు, సింకు వాడొద్దు. మైక్రోవేవ్‌లో ఎలుక పైన ఉడికి, లోపల గడ్డగానే ఉండిపోతుంది కూడా. ఒకసారి కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించొద్దు. ఐదేళ్లలోపు పిల్లల్ని ఈ పనికి దూరంగా ఉంచండి.

అపోహ: చురుగ్గా తిరిగే ఎలుకకు జబ్బు లేనట్టే.

2017లో అమెరికాలో సియోల్ వైరస్ మనుషులకు పాకింది పైకి ఏ లక్షణమూ కనిపించని పెంపుడు ఎలుకల నుంచే. చిట్టెలుకలు మోసే ఎల్‌సీఎంవీ అనే వైరస్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది కాబట్టి గర్భిణులు ఆ టబ్బులు కడగకూడదు.

అపోహ: పొలంలో పట్టిన ఎలుక సహజమైన మేత.

మన వరి పొలాల్లో ఎలుకలకు బ్రోమాడయోలోన్ అనే విషం కలిపిన ఎర పెడతారు. అది తిన్న ఎలుక కొన్ని రోజుల దాకా తిరుగుతూనే ఉంటుంది. ఆ విషం పాము కడుపులోకీ వెళ్తుంది.

కొత్త ఎలుకల్ని కనీసం మూడు నాలుగు వారాలు వేరే గదిలో ఉంచండి. ముందు పాత మంద పని ముగించి, ఆ తర్వాతే కొత్తవాటి దగ్గరికి వెళ్లండి. ఒక్కోదాన్ని చెవి దగ్గర పెట్టుకుని టక్‌టక్, గురగుర వినిపిస్తుందేమో చూడండి. కారణం తెలియకుండా చనిపోతే కవర్లో చుట్టి అదే రోజు వెటర్నరీ డాక్టరుకు చేర్చండి. అప్పటిదాకా ఫ్రిజ్‌లో ఉంచవచ్చు గానీ ఫ్రీజర్లో వద్దు. గడ్డకడితే కణజాలం చెడిపోయి పోస్ట్‌మార్టంలో ఊపిరితిత్తుల సంగతి సరిగ్గా తేలదు.