65 దాటితే లిస్టులో ఉండరా? రొమ్ము కేన్సర్ పరీక్షల్లో వయసు గీత వెనక కథ

అక్టోబర్ వస్తే చార్మినార్ మీద పింక్ లైట్లు పడతాయి, వాట్సాప్ నిండా రొమ్ము కేన్సర్ మెసేజ్‌లు తిరుగుతాయి, దాదాపు అన్నిట్లో ఉండే ఫొటో ముప్పై ఏళ్ల అమ్మాయిదే. దాంతోపాటు పాత గొడవ కూడా మళ్లీ లేస్తుంది. మన దేశంలో ఈ జబ్బు చిన్న వయసులోనే వస్తోంది కాబట్టి ఉన్న డబ్బూ మనుషులూ అటే పెట్టాలని ఒక పక్క, మరి ఇంట్లో ఉన్న అమ్మమ్మ, నాయనమ్మ సంగతేంటని ఇంకో పక్క. 2024 అక్టోబర్‌లో 70 దాటిన వాళ్లందరికీ ఆదాయంతో సంబంధం లేకుండా 5 లక్షల వైద్యానికి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇవ్వడం మొదలయ్యాక ఈ ప్రశ్న ఇంకా గట్టిగా వినపడుతోంది, ఎందుకంటే 70 ఏళ్లావిడకి కేన్సర్ ముదిరాక ఆపరేషన్‌కి డబ్బులిస్తాం గానీ, ముదరకముందే వెతికి పట్టుకునే స్క్రీనింగ్ మాత్రం 65 దగ్గరే ఆపేస్తాం అంటే అదేం లెక్క?

జబ్బు ఏంటి, ఎందుకొస్తుంది అన్నవి అందరూ రాసేశారు, అవి వదిలేసి ఈ 65 సంగతి చూద్దాం. 2016 ఆగస్టులో కేంద్ర ఆరోగ్య శాఖ నోటి, గర్భాశయ ముఖద్వార, రొమ్ము కేన్సర్లకి ఒక ఫ్రేమ్‌వర్క్ ఇచ్చింది. 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లకి ఐదేళ్లకోసారి, ట్రైనింగ్ తీసుకున్న ఏఎన్ఎం లాంటి వాళ్లు చేత్తో తడిమి రొమ్ము పరీక్ష చేయాలి, తేడా కనిపిస్తే పై ఆసుపత్రికి పంపాలి. మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, అందరికీ చేయడం అందులో లేదు. అన్ని మెషిన్లు లేవు, ఫిల్మ్ చూసి చెప్పే రేడియాలజిస్టులూ అంతమంది లేరు, కాబట్టి చేత్తో పరీక్ష అన్న నిర్ణయాన్ని తప్పు పట్టలేం. గొడవంతా వయసు దగ్గరే.

నన్నడిగితే ఈ కథలో అసలు మలుపు ఢిల్లీలో రాదు, ముంబైలో వస్తుంది, అదీ ఈ ఫ్రేమ్‌వర్క్‌కి చాలా ముందు మొదలై దాని తర్వాత తేలింది. 1998లో టాటా మెమోరియల్ ఆసుపత్రి డాక్టర్ ఇంద్రనీల్ మిత్ర నాయకత్వంలో ముంబై మురికివాడల్లో ఒక పెద్ద ట్రయల్ మొదలుపెట్టింది. 20 క్లస్టర్లు (అంటే ఇళ్ల గుంపులు), 35 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లు 1,51,538 మంది. సగం క్లస్టర్లలో రెండేళ్లకోసారి చొప్పున నాలుగు సార్లు చేత్తో రొమ్ము పరీక్ష, దాంతోపాటు కేన్సర్ గురించి చెప్పడం, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఇంటికెళ్లి ఎలా ఉన్నారో కనుక్కోవడం. మిగతా సగంలో మొదట ఒకసారి అవగాహన చెప్పి, తర్వాత కనుక్కుంటూ ఉండటమే. పరీక్ష చేసింది డాక్టర్లు కాదు, ట్రైనింగ్ ఇచ్చిన మహిళా హెల్త్ వర్కర్లు. అంటే మన ఊరి సబ్‌సెంటర్‌లో ఉండే మనిషి చేయగలిగే పనే.

ఇరవై ఏళ్ల తర్వాత, 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితం వచ్చింది. పరీక్షలు చేసిన వైపు మూడు, నాలుగు స్టేజీల్లో బయటపడ్డ కేసులు 37 శాతం, రెండో వైపు 47 శాతం. మొత్తం మీద చావులు 15 శాతం తగ్గినట్టు కనిపించింది గానీ అది లెక్కల ప్రకారం గట్టిగా నిలబడేంత తేడా కాదు. వయసు వారీగా విడదీసి చూస్తే 50 లోపు వాళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు, 50, ఆపైన వాళ్లలో మాత్రం చావులు 30 శాతం దగ్గర తగ్గాయి. ఇది అర్థమయ్యే విషయమే. వయసులో ఉన్నప్పుడు రొమ్ములో గ్రంథుల కణజాలం దట్టంగా ఉంటుంది, నెలసరి ఆగాక అది తగ్గి కొవ్వు ఎక్కువవుతుంది, అప్పుడు గడ్డ చేతికి తొందరగా దొరుకుతుంది. మన దగ్గరున్న ఒకే ఒక్క చవకైన పరీక్ష బాగా పనిచేసేది పెద్దవాళ్ల మీదే అని తేలాక కూడా మన ప్రచారం మాత్రం వాళ్లని పక్కకి నెట్టేసి నడుస్తోంది.

ఆ 50 అన్న విభజన ముందే అనుకుని చేసింది కాదని, ఫలితాలొచ్చాక విడదీసి చూసిందని కొందరు నిపుణులంటారు, అది నిజమే. అదే ట్రయల్‌లో గర్భాశయ ముఖద్వార కేన్సర్‌కీ పరీక్షలు చేశారు, ఆ భాగం మీద, సగం మందికి పరీక్ష చేయకుండా ఉంచడం ఏంటని వచ్చిన విమర్శ కూడా చిన్నది కాదు. కానీ పోల్చడానికి ఇంతమంది మీద, ఇన్నేళ్లు, మన దేశంలోనే చేసిన ఇంకో లెక్క ఎక్కడుంది?

ఇక "మన దగ్గర పదేళ్లు ముందే వస్తుంది" అన్న మాట. సగటు వయసు చూస్తే పాశ్చాత్య దేశాల కంటే తక్కువే, అబద్ధం కాదు. కానీ మన జనాభాలోనే వయసులో ఉన్నవాళ్లు ఎక్కువ, ముసలివాళ్లు తక్కువ, కాబట్టి కేసుల్లో చిన్నవాళ్లు ఎక్కువ కనిపిస్తారు. ఒక్కో మనిషికి ఉండే రిస్క్ చూస్తే నలభై ఏళ్లావిడ కంటే అరవై ఏళ్లావిడకే ఎక్కువ, ఇక్కడైనా అంతే. ఈ రెండో ముక్క పోస్టర్ల మీద ఎప్పుడూ రాదు. నాకు కోపం తెప్పించేది ఇదే, చిన్నవాళ్లని జాగ్రత్తగా ఉండమనడం తప్పు కాదు, కానీ ఆ మాట పదేపదే విన్న పెద్దావిడకి అర్థమయ్యేది "ఇది నా వయసు జబ్బు కాదు" అని.

గుమ్మం దగ్గర ఏం జరుగుతుందో చూడండి. ఆశా వర్కర్ దగ్గర సీబాక్ (CBAC) అనే ఫారం, అంటే జబ్బుల రిస్క్ కనుక్కునే ప్రశ్నల పట్టీ, ఉంటుంది, 30 దాటిన ప్రతి మనిషికీ నింపాలి. అందులో ఆడవాళ్లని అడగాల్సినవి ఉన్నాయి, రొమ్ములో గడ్డ ఉందా, చనుమొన నుంచి రక్తం కలిసిన స్రావం వస్తోందా, రొమ్ము ఆకారం, సైజు మారిందా అని. ఆశా వచ్చి కోడల్ని అడుగుతుంది, కోడలు సమాధానం చెప్తుంది. అరుగు మీద కూర్చున్న అత్తగారి వైపు తిరిగి "పెద్దమ్మా, మీకేమైనా..." అనేలోపే "నాకేంటమ్మా ఈ వయసులో, బీపీ బిళ్లలు అయిపోయాయి, అవి తెచ్చావా?" అంటుంది ఆవిడ. కొడుకు పక్కనే ఉంటే ఆ మాట అసలు నోట్లోంచి రాదు. గడ్డ ఉన్నా నొప్పి లేదుగా అనుకుంటుంది, నొప్పి లేకపోవడమే అనుమానించాల్సిన విషయమని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. కొన్నాళ్లు పసరు కట్టు, ఇంకొన్నాళ్లు సిగ్గు, చివరికి చర్మం పుండయ్యి వాసనొస్తే అప్పుడు కూతురు కనిపెడుతుంది.

పెద్దవాళ్లు లెక్కల్లో కూడా ఉండరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21ది, రొమ్ము పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నారా అని చూసింది 30 నుంచి 49 ఏళ్ల వాళ్లలోనే, అందులోనే అవునన్నవాళ్లు 0.9 శాతం. యాభై దాటినవాళ్ల అంకె ఆ పట్టికలో ఉండనే ఉండదు.

తెలుగు రాష్ట్రాల విషయానికొస్తే, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చి ఆపరేషన్ డబ్బుల భయం చాలావరకు తీర్చింది, అది మామూలు విషయం కాదు, కానీ అది గడ్డ బయటపడ్డాక పనికొచ్చే పథకం. వెతికి పట్టుకునే పని గట్టిగా జరిగిందంటే డాక్టర్ రఘురామ్ మొదలుపెట్టిన ఉషాలక్ష్మి బ్రెస్ట్ కేన్సర్ ఫౌండేషన్ 2012-16 మధ్య పల్లెల్లో హెల్త్ వర్కర్లకి నేర్పించి చేత్తో పరీక్షలు చేయించడం చెప్పుకోవాలి, సుమారు 2 లక్షల మందిని అలా చూశారు. జాతీయ కేన్సర్ రిజిస్ట్రీ 2020 రిపోర్టులో వయసు సవరించిన (అంటే జనాభాలో వయసుల తేడా ప్రభావం తీసేసిన) రొమ్ము కేన్సర్ రేటు లక్ష మంది ఆడవాళ్లకి 48తో దేశంలో పైనున్నది హైదరాబాద్. అలాంటి చోట ఇంత తక్కువ జరగడం బాధగా ఉంటుంది.

పై వయసు గీత ఒక్క మనకే ఉందని కాదు. బ్రిటన్‌లో మామోగ్రామ్ పిలుపు 71వ పుట్టినరోజు దాకానే వస్తుంది, అమెరికాలో నిపుణుల సిఫార్సు 74 దాకా, ఆపైన లాభమో కాదో చెప్పేంత ఆధారాలు లేవంటారు. కానీ బ్రిటన్ వాళ్లు గీత గీసి ఊరుకోలేదు. 2014లో ప్రత్యేకంగా 70 దాటిన వాళ్ల కోసమే టీవీల్లో ప్రచారం పెట్టారు, రొమ్ము కేన్సర్ వచ్చే ప్రతి ముగ్గురిలో ఒకరు 70 దాటినవాళ్లే, వయసైపోయింది అనుకోకండి అని. పిలుపు రాకపోయినా మీరే ఫోన్ చేసి పరీక్ష అడగొచ్చు అనే అవకాశం కూడా ఉంచారు. మన 65కి ఆ రెండూ లేవు.

"ఈ వయసులో కనిపెట్టి మాత్రం ఏం లాభం, కీమో తట్టుకోలేదు" అని ఇంట్లోవాళ్లే అంటుంటారు, ప్రేమతోనే అంటారు. కానీ పెద్దవాళ్లలో వచ్చే కేన్సర్లలో ఎక్కువ భాగం హార్మోన్ రిసెప్టర్ ఉన్న రకం, అంటే ఒంట్లోని హార్మోన్ల ఆసరాతో పెరిగేది, వాటికి లెట్రోజోల్ లాంటి రోజుకో బిళ్ల బాగా పనిచేస్తుంది. చిన్నగా ఉన్నప్పుడు దొరికితే చిన్న ఆపరేషన్, ఆ బిళ్ల, చాలామందికి అంతటితో సరిపోతుంది, కీమో దాకా వెళ్లాల్సిన పని ఉండదు. ఆలస్యమైతేనే ఆవిడ తట్టుకోలేని వైద్యం అవసరమవుతుంది.

ఇంకొకటి కింది స్థాయి సిబ్బందిలో కూడా చాలామంది కలిపేస్తున్నారు. 65 అనేది ఏ లక్షణమూ లేనివాళ్లని పిలిచి చూసే స్క్రీనింగ్‌కి పెట్టిన గీత. గడ్డ, చనుమొన లోపలికి లాగడం, చర్మం సొట్టపోవడం, చంకలో బిళ్ల, వీటిలో ఏది ఉన్నా అది స్క్రీనింగ్ కాదు, రోగ నిర్ధారణ, దానికి వయసు పరిమితి ఎక్కడా లేదు. 80 ఏళ్లావిడనైనా పీహెచ్‌సీ డాక్టర్ చూడాలి, మామోగ్రామ్‌కి, సూది పరీక్షకి పెద్దాసుపత్రికి రాసివ్వాలి. "మీ వయసు దాటిపోయింది" అని ఎవరైనా వెనక్కి పంపిస్తే వాళ్లు గైడ్‌లైన్‌ని తప్పు చదివినట్టే, ఆ కాగితం రాయించుకునేదాకా అక్కడే కూర్చోండి.