చలికాలం పక్షులు: నెల్లూరు చెరువు కట్టల మీద నేను వినే అపోహలు

కార్తీకం వచ్చిందంటే తెల్లవారుజామునే పిల్లల్నీ పెద్దల్నీ వెంటబెట్టుకుని చెరువు కట్టల మీద, వరి మడుల వెంట పక్షుల్ని చూపించడం నా పని. ఏ ఊరి వాళ్లొచ్చినా అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు.

అపోహ: నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రంలో ఉండేవన్నీ సైబీరియా పక్షులు. ఆడపిల్లలు పురిటికి పుట్టింటికి వచ్చినట్టు ఇక్కడికొచ్చి పిల్లల్ని చేసుకుని పోతాయి.

వాస్తవం: ఇక్కడ గూడు కట్టిందంటే అది మన పక్షే. సైబీరియా, మంగోలియాల నుంచి వచ్చేవి మన దగ్గర గుడ్లు పెట్టవు. వాటి కాపురమంతా అక్కడి ఎండాకాలంలో, అక్కడే. మంచు కమ్మి మేత కరువయ్యాక కడుపు నింపుకోవడానికి మాత్రమే ఇటొస్తాయి. నేలపట్టు చెరువులో నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద కాపురముండే గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్ల కొంగలు, నీటికాకులు ఈ దేశానివే.

మరి చలికాలంలోనే ఎందుకు చేరతాయి? మనకు చెరువులు నిండేది ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు లోపు. చెట్టు మొదట్లో నీళ్లుంటే నక్క, అడవిపిల్లి గూటి జోలికి రాలేవు. దగ్గర్లోనే పులికాట్ సరస్సులో చేపలుంటాయి. ఈ రెండూ కుదిరితేనే గూడబాతు గుడ్లు పెడుతుంది. వానలు మొహం చాటేసిన ఏడాది గూళ్లు పలచబడిపోతాయి. బైనాక్యులర్లో ఒక్క గూటినే పట్టుకుని ఓపిగ్గా చూడండి. పిల్ల తన తలను మెడదాకా తల్లి గొంతుసంచిలోకి దూర్చేసి, రెక్కలు టపటపా కొట్టుకుంటూ సగం అరిగిన చేపను లాక్కుంటుంది. చూసేవాళ్లకు తల్లిని మింగేస్తోందేమో అనిపిస్తుంది. (2022లో జిల్లాలు విడదీసినప్పుడు నేలపట్టు, పులికాట్ తిరుపతి జిల్లాలోకి పోయాయి. మా నోటికి మాత్రం ఇంకా నెల్లూరివే.)

పసుపు ముక్కు, రెక్కల చివర గులాబి ఈకలు ఉన్న పెద్ద కొంగను చాలా ఊళ్లలో 'సైబీరియన్ కొంగ' అంటారు. అది పెయింటెడ్ స్టార్క్, మన పక్షి. అసలు సైబీరియన్ కొంగ ఒళ్లంతా తెలుపు, మొహం ఎరుపు. మన దేశంలో అది చివరిసారి కనిపించింది 2002లో, రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో. ఫ్లెమింగోలు కూడా సైబీరియావి కావు. మన దేశంలో అవి గుంపులుగా గుడ్లు పెట్టే పేరున్న చోటు గుజరాత్‌లోని కచ్ రణ్.

ఇంతగా పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. గూళ్లున్న చింతచెట్టు కొట్టేస్తూ "పోతే పోనీలే, వాటి దేశం వాటికుంది" అన్నవాళ్లను చూశాను. ఆ పక్షులకు ఇంకో దేశం లేదు. ఆ చెట్టే వాటి ఇల్లు.

అపోహ: వలస పక్షులంటే పెద్ద పెద్ద కొంగలు, బాతులు. పెరట్లో ఏముంటాయి?

వాస్తవం: నిజమైన సైబీరియా అతిథి మీ కంచె మీదే ఉండొచ్చు. పికిలిపిట్టంత ఉంటుంది, గోధుమ రంగు ఒళ్లు, కళ్లకు గంతలు కట్టినట్టు నల్లటి పట్టీ, కొన వంగిన ముక్కు. పేరు బ్రౌన్ ష్రైక్. చలికాలమంతా ఒకే కొమ్మనో, ఒకే కంచె రాయినో పట్టుకుని కూర్చుంటుంది. కింద మిడత కదిలితే దూకి పట్టి మళ్లీ అదే చోటుకొస్తుంది. ఇంకో ష్రైక్ వస్తే గరగరమని తిట్టి తరిమేస్తుంది. నాట్లేసిన మడి గట్ల మీద తోక కిందికీ పైకీ ఆడిస్తూ పరుగెత్తే పసుపు పొట్ట వాగ్‌టెయిల్, జువ్విచెట్టు మీద గోల చేసే గులాబి గోరింకల గుంపు, కరెంటు తీగల మీద వరసగా కూర్చునే స్వాలోలు కూడా దూరదేశాలవే. పొన్నంగి పిట్ట మాత్రం హిమాలయాల దిగువ నుంచి, మధ్య భారతం నుంచి వస్తుంది. వలసంటే సరిహద్దులు దాటాలనేం లేదు.

అపోహ: చలికి పక్షులు పస్తులుంటాయి, గింజలు చల్లాలి.

వాస్తవం: మంచు పడే దేశాల్లో ఆ మాట నిజం. మనకు వానలు పడ్డాక వచ్చే ఈ నెలలే పురుగులకూ పళ్లకూ దండిగా ఉండే కాలం. పైగా పెరట్లోకి వచ్చే వలస పిట్టల్లో ఎక్కువ భాగం పురుగులు తినేవే, మీ బియ్యం ముట్టవు. గింజలు చల్లితే చేరేది పావురాలు, కాకులు. చూరుకు వరికంకుల కుచ్చు కట్టడం మంచి అలవాటే, పిచ్చుకలకు ఉపయోగం. మిగతా పక్షులకు కావాలంటే లోతు లేని మట్టి మూకుడులో నీళ్లు పెట్టి రోజూ మార్చండి, ఓ మూల రేగుకంప, రాలిన ఆకులు ఊడ్చకుండా వదిలేయండి, పురుగుమందు కొట్టకండి.

అపోహ: తీతువు అరిస్తే, చావుపిట్ట ఇంటి మీద వాలితే చావు కబురు.

వాస్తవం: తీతువు కాపురం నేలమీదే. చీకట్లో మనిషో కుక్కో అటు నడిస్తే అరుస్తుంది. చావుపిట్ట అని రాళ్లేసే ఆ తెల్ల గుడ్లగూబ రాత్రంతా పట్టేది ఎలుకల్ని. పొట్టకొచ్చిన వరిని ఎలుకలు కొరికేస్తున్నాయని బాధపడే రైతు దాన్ని తరమడం నాకు మింగుడుపడదు.

అపోహ: కాలికి రింగున్న పక్షి గూఢచారి.

వాస్తవం: శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్ దగ్గర్లోనే ఉండబట్టి మన తీరంలో ఈ అనుమానం త్వరగా పుడుతుంది. అది పక్షి ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు తొడిగే తేలికపాటి రింగు. మన దేశంలో తొడిగినదైతే దానిమీద నంబరుతో పాటు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి తెలియజేయమని ఇంగ్లిషులో ఉంటుంది. బతికున్న పక్షి కాలి నుంచి దాన్ని తీయొద్దు. నంబరు కనబడేలా ఫోటో తీసి, తేదీ, ఊరు పేరు రాసి వాళ్లకు పంపండి.