కమాన్ పట్టీతో కత్తి: పదును నిలిచేది రెండో వేడితోనే

బెంగళూరు నుంచి హైదరాబాద్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి అనంతపురం మీదుగానే పోతుంది. ఇన్ని లారీలు తిరిగే చోట పాత ఇనుము అంగళ్లలో కమాన్ కట్టలకు, అంటే లారీ బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్టలకు, కరువుండదు. విరిగిన కట్టలోంచి ఒక పట్టీ తెచ్చి, గ్రైండర్‌తో కోసి, వంటింటికి కత్తి చేసుకోవాలని సరదా పడేవాళ్లున్నారు. ఆకారం తెచ్చి సాన పట్టగానే పని అయిపోయిందనుకుంటారు. కొన్నాళ్లు ఉల్లిగడ్డలు తరిగేసరికి అంచు మొద్దుబారుతుంది. ఉక్కు నాసిరకమని తిట్టుకుంటారు గానీ, ఉక్కు తప్పేమీ లేదు. లారీ బరువుకు వంగి మళ్లీ లేవాలి కాబట్టి, ఫ్యాక్టరీలో దాన్ని 400 డిగ్రీలు దాటేదాకా వేడిచేసి కావాలనే కొంత మెత్తబరుస్తారు. కత్తికి ఆ మెత్తదనం పనికిరాదు. దాన్ని మళ్లీ మొదటినుంచి కాల్చి గట్టిపరచాలి.

కమాన్ పట్టీలో కర్బనం దాదాపు 0.6 శాతం ఉంటుంది. కథంతా ఆ కాస్త కర్బనానిదే. మామూలు వేడిలో ఇనుము పరమాణువులు ఘనాకారపు గళ్లుగా అమరి ఉంటాయి. మూలల్లో ఎనిమిది, నడుమ ఒకటి. ఆ అమరికలో కర్బనానికి చోటు లేనట్టే. బాగా కాల్చినప్పుడు అమరిక మారుతుంది. నడిమి పరమాణువు పోయి, ఘనం ఆరు ముఖాల మీద ఒక్కోటి చేరుతుంది. ఈ కొత్త అమరికలో కర్బనం హాయిగా కరిగిపోతుంది. మెల్లగా చల్లారనిస్తే అది మళ్లీ బయటికి వచ్చేస్తుంది. గబుక్కున చల్లబరిస్తే బయటపడే వ్యవధి లేక లోపలే ఇరుక్కుంటుంది. దాంతో గడి ఒక పక్కకు సాగి బిగుసుకుంటుంది. ఆ బిగువే గట్టిదనం. ఈ రూపాన్ని మార్టెన్‌సైట్ అంటారు. జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ మార్టెన్స్ పేరే దానికి పెట్టారు.

ఇది ఏ ఇనుముకైనా కుదరదు. ఇల్లు కట్టగా మిగిలిన కమ్మీ ముక్కలో కర్బనం చాలా తక్కువ. దాన్ని ఎంత కాల్చి నూనెలో ముంచినా కత్తికి కావలసిన గట్టిదనం రాదు. పాత ఆకురాయి, బేరింగు, కమాన్ పట్టీ అయితే పర్వాలేదు. పట్టీలో కంటికి కనిపించని సన్న పగుళ్లు ఉండొచ్చు. ఏళ్ల తరబడి బరువు మోసిన ఇనుము కదా. అందుకే అదే పట్టీలోంచి ఒక చిన్న ముక్క కోసి, ముందు దానిమీద ప్రయోగం చేయాలి. కాల్చి, ముంచి, గుడ్డలో చుట్టి సుత్తితో విరిచి చూడండి. విరిగిన చోట సన్నగా, బూడిదరంగులో ఉంటే వేడి సరిపోయినట్టు. పలుకులు పలుకులుగా మెరిస్తే వేడి మితిమీరినట్టు.

కంపచెట్ల బొగ్గు, ఒక చిన్న బ్లోయర్ ఉంటే వేడికి ఇబ్బంది లేదు. దాన్ని కొలవడమే కష్టం. దాదాపు 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. పాత స్పీకర్లోని అయస్కాంతాన్ని కమ్మీకి కట్టి, ఎర్రబడిన కత్తికి తాకించి చూస్తే తెలిసిపోతుంది. అక్కడితో ఆగకుండా ఇంకాస్త, 830-850 డిగ్రీల దాకా పోవాలి. ఈ పని ఎండలో చేయకూడదు. మన సీమ ఎండలో మండే ఎరుపు కూడా వెలిసినట్టే కనిపిస్తుంది, ఇంకా కాలలేదేమోనని మాడ్చేస్తాం. కమ్మరి కొలిమి చీకటి పాకలో ఉండటానికి ఇదొక మంచి కారణం.

ముంచడానికి నీళ్లు వద్దు. ఈ రకం ఉక్కుకు నీళ్ల వేగం ఎక్కువై పగులుతుంది. చెనక్కాయ నూనె చక్కగా పనికొస్తుంది, మన జిల్లాలో దానికి కొదవా? నూనెను 50-60 డిగ్రీలకు వెచ్చబెట్టాలి. వెచ్చటి నూనె పలచబడి ఇనుము చుట్టూ చురుగ్గా కదులుతుంది, కాబట్టి చల్లటి నూనె కంటే త్వరగా వేడిని లాగేస్తుంది. పాత్ర ఇనుపదే కావాలి, పక్కన మూత, ఇసుక సిద్ధంగా ఉండాలి. నూనె అంటుకుంటే మూత పెట్టాలి గానీ నీళ్లు మాత్రం పోయొద్దు.

బయటికి తీసిన కత్తి మీద ఆకురాయి జారిపోతుంది. రాక్‌వెల్ కొలతలో గట్టిదనం 60 దాటి ఉంటుంది. చాలామంది సంబరపడి ఆగిపోయేది ఇక్కడే. ఆ స్థితిలో కత్తి చేయిజారి బండల మీద పడితే రెండు ముక్కలు! అందుకే వెంటనే టెంపరింగ్, అంటే తక్కువ వేడితో రెండోసారి కాచడం, చేయాలి. ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి, చల్లారనిచ్చి, ఇంకోసారి అలాగే చేయాలి. ఇరుక్కున్న కర్బనంలో కొంత సర్దుకుంటుంది, బిగువు సడలుతుంది. గట్టిదనం రెండు మూడు అంకెలు తగ్గినా కత్తికి ఓర్పు వస్తుంది.

ఓవెన్ లేని కమ్మరి ఇదే పనిని ఒక్కసారి కాల్చడంతోనే ముగించడం చూడాలి. కొడవలి అంచు మాత్రమే నీళ్లలో ముంచి తీస్తాడు. అది సాదా ఉక్కు కాబట్టి నీళ్లకు తట్టుకుంటుంది. వెంటనే రాయితో అంచును రుద్ది తెల్లగా మెరిపిస్తాడు. వెనక భాగంలో మిగిలిన వేడి మెల్లగా అంచు వైపు పాకుతుంటే, రుద్దిన చోట రంగులు కదులుతాయి. ముందు లేత గడ్డిరంగు, తర్వాత గోధుమ, ఆపైన ఊదా, చివరికి నీలం. ఇనుము మీద ఏర్పడే పలచటి ఆక్సైడ్ పొర మందాన్ని బట్టి ఆ రంగులు మారతాయి. లేత గడ్డిరంగంటే సుమారు 210 డిగ్రీలు, నీలమంటే 300. తనకు కావలసిన రంగు అంచుకు చేరిన క్షణంలో మొత్తం ముంచేస్తాడు. థర్మామీటర్ లేకుండా కంటితో ఇంత కచ్చితంగా పట్టుకోవడం నాకు గొప్ప విద్యగా కనిపిస్తుంది. అలాంటి కొలిమి దగ్గర్లో ఉంటే, కత్తి మొదలుపెట్టే ముందే ఒక పూట పోయి కూర్చోండి.

చివరగా సాన పట్టేటప్పుడు చేతికి గ్లౌజు వద్దు. కత్తి వేడెక్కితే చేతికి తెలియాలి, తెలిసిన వెంటనే నీళ్లలో ముంచాలి. గ్రైండర్ రాపిడికి అంచు మీద నీలం మరక కనబడిందంటే అక్కడ 300 డిగ్రీలు తాకినట్టే. మరకను రుద్ది పోగొట్టినా పోయిన గట్టిదనం తిరిగి రాదు. ఆ మేరకు అంచు అరగదీసేయాలి, లేదంటే మళ్లీ కొలిమిలో పెట్టాలి.