మొండి పిల్లలు: వందేళ్లుగా కారణం కోసం వెతుకులాట

పిల్లాడు ఏం చెప్పినా ఎదురుతిరిగితే మన ఇళ్లలో మొదట వినిపించే మాట, ‘తల్లి గారాబం’. ఈ ఎదురుతిరగడం హద్దు మీరి చాలాకాలం కొనసాగితే వైద్యులు దాన్ని ఇప్పుడు ‘అపోజిషనల్ డిఫయంట్ డిజార్డర్’ (ఓడీడీ) అంటారు. వాళ్లు కూడా ఈ నిందను చాలాకాలం ఒకరి మీది నుంచి మరొకరి మీదికి మారుస్తూ వచ్చారు.

1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టర్, తెలివి ఉండి కూడా శిక్షకు లొంగని, కోపం పట్టలేని పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చాడు. వాళ్లకు నైతిక నిగ్రహం లోపించిందన్నాడు. అంటే లోపం పిల్లలదే. 1944లో బ్రిటన్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ దొంగతనాలకు అలవాటుపడ్డ 44 మంది పిల్లలను పరిశీలించి, పసితనంలో చాలాకాలం తల్లికి దూరమవడాన్ని ముఖ్య కారణంగా చూపాడు. దాంతో చూపు తల్లి మీదికి మళ్లింది. 1956లో న్యూయార్క్‌లో మానసిక వైద్యులైన థామస్, చెస్ దంపతులు పసిపిల్లలను ఏళ్ల తరబడి గమనించడం మొదలుపెట్టారు. కొందరు పుట్టుకతోనే త్వరగా చిరాకుపడతారని, ఆ స్వభావానికి ఇంటి తీరు పొసగకపోతే సమస్య ముదురుతుందని వాళ్లు చెప్పారు.

నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది అమెరికాలోని ఒరెగాన్‌లో మనస్తత్వవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ చేసిన పని. ఆయన బృందం ఇళ్లకే వెళ్లి, ఎవరు ఏమంటే ఎవరు ఏం చేస్తున్నారో రాసుకుంది. తల్లి టీవీ కట్టెయ్యమంటుంది, పిల్లాడు అరుస్తాడు, ఆమె విసిగి వదిలేస్తుంది. అరిస్తే పని జరుగుతుందని వాడికి అర్థమవుతుంది. మర్నాడు ఆమె ఇంకా గట్టిగా అరుస్తుంది, వాడు తగ్గుతాడు. అదే పాఠం ఆమెకూ ఒంటబడుతుంది. ఇద్దరూ ఒకరికొకరు తెలియకుండానే తర్ఫీదు ఇచ్చుకుంటున్నారు. డబ్బు టెన్షన్, భార్యాభర్తల గొడవలు, తల్లి డిప్రెషన్ ఉన్న ఇంట్లో ఇది మరింత బిగుస్తుంది. ఇలాంటి పరిశోధనల నుంచే తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చే పద్ధతులు పుట్టాయి. ఈ సమస్యకు ఇప్పటికీ ముందుగా సూచించే చికిత్స అదే. మందులు కాదు.

వంశపారంపర్యం, గర్భంలో ఉండగా పొగాకు ప్రభావం, ఒంట్లో చేరిన సీసం, చిన్నప్పటి హింస వంటివి ఆ తర్వాత పరిశోధనల్లో చేరాయి. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా కారణమని చెప్పలేం.

అమెరికా మానసిక వైద్యుల సంఘమైన అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో ఈ సమస్యను విడిగా రుగ్మతల జాబితాలో చేర్చింది. ఆ సంఘం 2013 నాటి నిర్వచనం ప్రకారం లక్షణాలు కనీసం 6 నెలలు కొనసాగాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లతో మాత్రమే గొడవపడితే లెక్కలోకి రాదు. చాలామందిలో ఏడీహెచ్‌డీ (దృష్టి నిలవకపోవడం, అతిచురుకుదనం ఉండే సమస్య) కూడా ఉంటుంది కాబట్టి మంచి డాక్టర్ దాన్నీ, చదువులో ఇబ్బందినీ, లోపలి ఆందోళననూ పరీక్షిస్తారు, పెంపకం గురించి మాత్రమే అడిగి ఊరుకోరు.