నల్లబెల్లం ఎప్పుడు నేరమైంది?

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో నాటుసారా దాడుల వార్త వచ్చిన ప్రతిసారీ దాని కింద ఇంకో చిన్న వార్త ఉంటుంది: సారా కాచడానికి వాడే నల్లబెల్లం ఇన్ని బస్తాలు పట్టుబడిందని. సారా కాచినవాడి సంగతి రెండు రోజుల్లో మరుగున పడుతుంది. బెల్లం గొడవ మాత్రం మండీల్లో, చెరుకు ఆడి బెల్లం కాచే గానుగల దగ్గర వారాల తరబడి నలుగుతూనే ఉంటుంది. ఇప్పుడు మళ్ళీ అదే జరుగుతోంది. ఎవరికి ఎంత అమ్మారో పుస్తకంలో రాయమని ఎక్సైజ్ అధికారులు అంటున్నారని, కొనేవాడి ఆధార్ నకలు తీసుకోమంటున్నారని వ్యాపారులు మొత్తుకుంటున్నారు. బెల్లం కాస్త నలుపు తిరిగిందంటే మండీలో చెయ్యి పెట్టేవాడే లేడని గానుగ రైతులు బాధపడుతున్నారు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా అంగడి మీదికి కదిలిన కథ, 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చిన కథ, 1997లో దాన్ని ఎత్తేసిన కథ అందరికీ తెలిసినవే. వాటి మధ్యలో పడి కనపడకుండా పోయిన తేదీ ఒకటుంది. 1993 అక్టోబరు 1. రాష్ట్రమంతటా ప్రభుత్వ సారా అమ్మకం ఆగిన రోజు. ఈనాటి బెల్లం గొడవకు వేరు అక్కడే ఉందని నేను నమ్ముతున్నాను.

ఎందుకంటే ఆ రోజుదాకా అంగళ్ళకు వేలంపాట పెట్టి అమ్మిన సారాకూ పల్లెలోని బెల్లానికీ సంబంధం లేదు. ప్యాకెట్లలో వచ్చిన ఆ సారా చెరుకు మడ్డితో తయారయ్యేది. చక్కెర ఫ్యాక్టరీలో చక్కెర తీయగా మిగిలే నల్లటి మడ్డిని డిస్టిలరీకి తోలేవాళ్ళు. అక్కడ స్పిరిట్ తీసి, నీళ్ళు కలిపి, కాంట్రాక్టరుకు ఇచ్చేవాళ్ళు. అన్నీ ప్రభుత్వం లెక్కల్లో ఉండేవి. అడవి అంచుల్లో దొంగసారా అప్పుడూ ఉంది, కాదనను. కానీ తాగేవాళ్ళలో ఎక్కువమంది చేతికి వచ్చింది ఫ్యాక్టరీ మడ్డి సరుకే.

సారా ప్యాకెట్టు పోయింది. తాగే అలవాటు పోలేదు. బ్రాందీ, విస్కీ కొనే తాహతు కూలివాడికి లేదు. ఖాళీ అయిన ఆ చోట్లోకి ఊరి బయట పొదల్లో కాచే సారా వచ్చి కూర్చుంది. దానికి మడ్డి దొరకదు, ఎందుకంటే మడ్డి మీద ప్రభుత్వ నియంత్రణ ఉంది. సులువుగా దొరికేది బెల్లం. అందులోనూ చవగ్గా దొరికేది నల్లబెల్లం. అట్లా ఒక ప్రభుత్వ నిర్ణయం ముడిసరుకును ఫ్యాక్టరీ గేటు దగ్గర నుంచి గానుగ కొట్టం దగ్గరికి మార్చేసింది. ఆ నిర్ణయం వెనక ఉన్న ఆడవాళ్ళ పోరాటం న్యాయమైంది, అందులో నాకు రవ్వంత అనుమానం లేదు. కానీ రేపు ఈ బరువు ఎవరి మీద పడుతుందో ఆ రోజు ఎవరూ ఆలోచించలేదు. గానుగ రైతును పిలిచి మాట్లాడినవాళ్ళు లేరు.

ఆ గానుగ ఎట్లా ఉండేదో చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. మా మేనమామ ఊరు పాకాల దగ్గర. నా చిన్నప్పుడు సంక్రాంతి సెలవులకు పోతే మేం ఇంట్లో కంటే గానుగ దగ్గరే ఎక్కువ ఉండేవాళ్ళం. ఒకవైపు గోడ కూలి, దానికి కొబ్బరిమట్టలు అడ్డం కట్టిన కొట్టం. పైన సగం బోదకసువు, సగం తుప్పు పట్టిన రేకు. లోపల గోడలన్నీ పొగకు నల్లబారి నిగనిగలాడేవి. చూసినవాడు ఇందులో మనుషులు పని చేస్తారా అనుకోవాల్సిందే. అందులోనే రాత్రి రెండింటిదాకా పొయ్యి మండేది.

చెరుకు ఒకవైపు ఆడుతుంటే, పిండిన పిప్పి ఎండబెట్టి అదే పొయ్యిలో వేసేవాళ్ళు. వెడల్పాటి పెనంలో రసం పొంగుతుంటే చిటికెడు సున్నం పడేది, పులుపు విరగడానికి. దంచిన బెండమొక్కల జిగురు నీళ్ళు పోసేవాళ్ళు, మురికంతా నురుగై పైకి తేలడానికి. ఆ నురుగు తీసే మనిషి ఒక్క నిమిషం కూడా కన్ను తిప్పేవాడు కాదు. మాకు మాత్రం గెనుసుగడ్డల మీదే ధ్యాస. దారానికి గుచ్చి పాకంలో వదిలితే, పెనం దిగే వేళకు అవి తేనెలో ఉడికినట్టు అయ్యేవి.

పాకం పట్టే తాత ఒకాయన ఉండేవాడు. వేడి కొలిచే గొట్టం లేదు, గడియారం లేదు. చెంచాడు పాకం చన్నీళ్ళలో వేసి, వేళ్ళతో ఉండ చేసి, దాన్ని పెనం అంచుకు కొట్టి చప్పుడు వినేవాడు. ఇప్పుడు వ్యవసాయ శాస్త్రజ్ఞులు పాకం దించాల్సిన వేడి 118 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలంటారు. ఆ తాత చెవికి అది తెలుసు. టన్ను చెరుకుకు వంద కిలోల దాకా బెల్లం దిగితే బాగా దిగినట్టు.

ఒకరోజు దిగిన పెనం నల్లగా వచ్చింది. మా మామ మొహం మాడ్చుకున్నాడు. తాత తడబడలేదు. "నేల ఉప్పునేల నాయనా, చెరుకు గాలికి పడిపోయినాది. నల్లగా రాక ఎట్లొస్తాది? తీపి ఏం తగ్గలేదు, తిని చూడు" అన్నాడు. నేను తిన్నాను. తగ్గలేదు.

ఇది ఆ తాత మాటే కాదు. ఉప్పునీళ్ళు పారిన చేను, యూరియా ఎక్కువైన చేను, కోత ఆలస్యమైన చేను, నేలకొరిగిన చెరుకు, వీటి రసంలో బెల్లం నలుపు తిరుగుతుంది, మెత్తగా ఉంటుంది, సరిగా గట్టిపడదు. బోర్లు వందల అడుగుల లోతుకు దిగిపోయిన మన జిల్లాలో ఉప్పునీళ్ళు కొత్త కాదు. ఆ రంగులో రైతు నేల, నీళ్ళు, వాన కనిపిస్తాయి. అధికారులు మాత్రం అందులో రైతు ఉద్దేశం వెతకడం మొదలుపెట్టారు.

ఏపీ ఎక్సైజ్ చట్టం 1968 నాటిది. మత్తు పదార్థం తయారుచేసే ఉద్దేశంతో సామగ్రి దగ్గర ఉంచుకోవడం కూడా 34వ సెక్షన్ కింద నేరమే. ఆ సెక్షన్ రాసిన రోజుల్లో అది కుండలు, గొట్టాలు, ఊట (సారా కోసం పులియబెట్టిన నీళ్ళు) డ్రమ్ముల గురించి. 1993 తర్వాత అదే సెక్షన్ లారీలో ఉన్న బెల్లం మీదికి తిరిగింది. వ్యాపారులు కోర్టుకు పోయారు. ఈ ప్రశ్న హైకోర్టు ఫుల్ బెంచ్ దాకా వెళ్ళింది. అక్కడ తేలిన దాని సారం ఇది: బెల్లం దానంతటది మత్తు పదార్థం కాదు, సారా కోసమే పోతోందా అన్నది ఆ కేసు సంగతులు చూసి తేల్చాలి. వినడానికి రైతుకు ఊరట అనిపిస్తుంది. కానీ సంగతులు తేలేదాకా సరుకు స్టేషన్ వరండాలో ఉంటుంది. నల్లబెల్లం మెత్తటిది, వానగాలికి కారిపోతుంది. తీర్పు వచ్చేసరికి అమ్ముకోవడానికి మిగిలేది గోనెసంచులే.

అప్పుడు బెల్లం మీద ఇంత కన్ను ఉన్నా రైతు బతికాడు. ఎందుకంటే ఫ్యాక్టరీలు ఉన్నాయి. చిత్తూరులో ఒకటి, రేణిగుంట దగ్గర గాజులమండ్యంలో ఇంకొకటి, రెండూ సహకార చక్కెర ఫ్యాక్టరీలు. బెల్లం ధర పడితే చెరుకు బండి ఫ్యాక్టరీకి తిరిగేది. బకాయిలు ఆలస్యమయ్యేవి, కాటా దగ్గర రెండు రోజులు నిలబడాల్సి వచ్చేది, అయినా ఒక దారి ఉండేది. గత దశాబ్దంలో ఆ రెండూ మూతబడ్డాయి. చాలామంది చెరుకు తీసేసి మామిడి పెట్టారు. మిగిలినవాళ్ళకు గానుగే గతి. తిరుపతి దగ్గర పెరుమాళ్ళపల్లెలో చెరుకు మీద పనిచేసిన పరిశోధన కేంద్రం ఉంది, కొత్త రకాలు ఇచ్చింది. చెరుకుకు శాస్త్రం అందింది గానీ గానుగకు గోడ కూడా అందలేదు. కొట్టానికి బ్యాంకు అప్పు పుట్టదు, అప్పు పుట్టకపోతే గోడ లేవదు, గోడ లేని కొట్టం చీకట్లో చూసేవాడికి దొంగసారా స్థావరం లాగానే కనపడుతుంది. ఈ దరిద్రం కూడా రైతు మీద సాక్ష్యమైపోయింది.

2019 తర్వాత కథ మళ్ళీ వేడెక్కింది. దశలవారీ మద్యనిషేధం పేరుతో అంగళ్ళు ప్రభుత్వం చేతికి వచ్చాయి. 2020 మే నెలలో ధరలు 75 శాతం పెంచారు. పలమనేరు, కుప్పం వైపు కర్ణాటక ప్యాకెట్లు దిగాయి. సరిహద్దు దూరమైన ఊళ్ళలో ఊట డ్రమ్ములు లేచాయి. అదే మే నెలలో అక్రమ మద్యం పట్టుకోవడానికి ప్రత్యేక ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో పుట్టింది. 1993లో జరిగిందే ఇది. పైన సీసా ధర పెరిగినా, ప్యాకెట్టు పోయినా, కింద దెబ్బ తగిలేది బెల్లానికే. 2024లో ఆ బ్యూరో రద్దయింది, అక్టోబరు నుంచి అంగళ్ళు మళ్ళీ ప్రైవేటు చేతికి పోయాయి, 99 రూపాయల క్వార్టర్ వచ్చింది. 2025లో నాటుసారా లేని రాష్ట్రం చేస్తామని నవోదయం 2.0 మొదలైంది. దాడులు, మళ్ళీ తప్పు చేయమని తహసీల్దారు ముందు పూచీ రాయించుకునే బైండోవర్లు, పదేపదే దొరికితే ముందస్తుగా నిర్బంధించే పీడీ చట్టం.

ఎక్సైజ్ వాళ్ళ మాట కూడా చెప్పాలి. నాటుసారాలో ఏం కలిపారో కాచినవాడికే తెలియదు, కాలేయాలు పోతాయి, కొంపలు కూలుతాయి. ముడిసరుకు ఆపితే తయారీ ఆగుతుందన్నది వాళ్ళ లెక్క. పుస్తకంలో పేరు రాస్తే నిజాయితీగా అమ్మేవాడికి నష్టమేమిటని వాళ్ళ ప్రశ్న.

నష్టమేమిటో లెక్క చూద్దాం. పులియడానికి కావలసింది తీపి. తెల్లబెల్లంలో ఉంది, చక్కెరలో ఇంకా ఎక్కువ ఉంది. నల్లది చవక కాబట్టి సారావాడు దాన్ని కొంటాడు, అంతకుమించి ఆ రంగులో మహత్యం లేదు. పశువుల దాణాలోకి పోయేదీ నల్లబెల్లమే. ఇక ప్రకృతి సేద్యం. 2016 నుంచి ప్రభుత్వమే ఊరూరా నేర్పిస్తున్న జీవామృతం అనే ద్రవ ఎరువులో 200 లీటర్ల నీళ్ళకు 10 కిలోల పేడ, ఆవు మూత్రం, 2 కిలోల పప్పుపిండి, 2 కిలోల బెల్లం కావాలి. రసాయనాలు లేని నల్లబెల్లమే మేలని చెబుతారు. ఒక శాఖ కొనమంటుంది, ఇంకో శాఖ కొన్నవాడి పేరు రాసుకుంటుంది. ఎకరాకు రెండు కిలోలు కొనే చిన్న రైతు ఆధార్ కాగితం ఇచ్చి ఎక్సైజ్ పుస్తకంలో ఎక్కాలా? భయపడి మానేస్తున్నాడు. అక్కడ తగ్గిన గిరాకీ గానుగ మీద పడుతుంది.

2025 అక్టోబరులో పాత చిత్తూరు జిల్లా ములకలచెరువులో బయటపడిన కల్తీ మద్యం కేంద్రాన్ని గుర్తు చేసుకోండి. అక్కడ స్పిరిట్, రంగు, సీసాలు, లేబుళ్ళు దొరికాయి. బెల్లంతో పని లేని దందా అది. పెద్ద విషం ఆ దారిన వస్తుంటే, కాపలా గానుగ దారిలో ఉంది.

ఈ ముప్పై ఏళ్ళ అనుమానం పెనంలోకి కూడా దిగింది. అది చూశాకే ఈ కథనం రాయాలనిపించింది. పోయిన సంక్రాంతి ముందు మా మామ ఊరు వెళ్ళాను. అదే కొట్టం, కూలిన గోడ అట్లాగే ఉంది, కొబ్బరిమట్టల చోట పాత ఫ్లెక్సీ కట్టి ఉంది. పాకం తాత లేడు, ఆయన కొడుకు పెనం దగ్గర ఉన్నాడు. బెండజిగురు కుండ కనపడలేదు. మూలన డబ్బా ఉంది. హైడ్రాస్, గంధకం ఉన్న రసాయన పొడి. వేస్తే రసం తెల్లబడుతుంది. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం బెల్లంలో సల్ఫర్ డయాక్సైడ్ 70 పీపీఎం, అంటే కిలోకు 70 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ కొట్టంలో కొలిచే సాధనం లేదు, గుప్పిటే కొలత.

"మీ నాయన వేసేవాడు కాదు కదన్నా, ఏంటికి వేస్తావుండావు?" అని అడిగాను.

పొంగుతున్న పెనం మీంచి చూపు తిప్పకుండా చెప్పాడు: "నాయన కాలంలో నల్లబెల్లం తీసుకోని పోతే ధర తగ్గించి కొనేవాళ్ళు, అంతే. ఇప్పుడు బండి ఆపతారు. తెల్లగా ఉంటే ఎవురూ ఆపరబ్బా. మా ఇంట్లోకి మాత్రం ఇది వేయకుండా ఒక పెనం వేరేగా దించుకుంటాం."

వచ్చేటప్పుడు ఆ వేరే పెనంలోది ఒక ముద్ద పేపర్లో చుట్టి ఇచ్చాడు. నల్లగా, మెత్తగా ఉంది. బస్సులో పైన పెట్టొద్దని, సంచి అడుగున పెట్టుకోమని రెండుసార్లు చెప్పాడు.